భ్రమరాంబ గారు, ఖాళీ తూటాలు

కార్తీక మాసం వస్తోందని మొన్న ఆదివారం అటక మీది ఇత్తడి కుందులు దించి, చింతపండు పెట్టి తోముతూ కూర్చున్నాను. పులుపు తగిలిన ఇత్తడికి ఒక వాసన ఉంటుంది. కొంచెం పచ్చిగా, కొంచెం చేదుగా, నెత్తురు వాసనకి కాస్త దగ్గరగా. ఒకసారి వేళ్ళకి పట్టిందంటే సబ్బుతో కడిగినా ఒక పట్టాన వదలదు. ఆ వాసన అందరికీ పండగనో పూజగదినో గుర్తుచేస్తుందేమో. నాకు మాత్రం రాజమండ్రిలో ఒక తుపాకుల కొట్టూ, అందులో పీట మీద కూర్చుని ఖాళీ తూటాలు ఏరుతున్న ఒక పెద్దావిడా గుర్తొస్తారు. ఆవిడ పేరు భ్రమరాంబ గారు. పోయి చాలా ఏళ్ళయింది. 

తొంభైల మొదట్లో బి.కాం. ముగించి, పాలకొల్లు పక్కన మా ఊళ్ళో పని లేక, రాజమండ్రిలో మేనత్త ఇంట్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్న రోజులవి. భ్రమరాంబ గారి కొట్లో లెక్కలు రాయడానికి మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. "ఆడపిల్లకి తుపాకుల కొట్లో ఉద్యోగమేంటే?" అని మా అమ్మ కంగారుపడింది. యజమాని కూడా ఆడమనిషేనని తెలిశాక కాస్త కుదుటపడింది. ఆ కొట్టు ఆవిడ భర్తది. ఆయన గుండెపోటుతో పోతే, పిల్లలు లేని ఆ ఇల్లాలు కొట్టు అమ్మేసి అన్నగారింటికి వెళ్ళిపోతుందని వీధంతా అనుకున్నారట. ఆవిడ పదిహేనో రోజునే లైసెన్సు తన పేరుకి మార్చమని అర్జీ పెట్టి, అది చేతికి రాగానే తలుపులు తెరిచింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. గంజి పెట్టిన నేత చీర కట్టుకునేది. గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. భుజాన తుపాకీతో మెట్లెక్కి వచ్చిన ఎంత పెద్దమనిషినైనా ముందు, "గొట్టం గోడ వైపు తిప్పండి బాబూ, తర్వాత మాట్లాడుకుందాం" అనేది. వాళ్ళు బడిపిల్లల్లా తిప్పేవాళ్ళు.

కొత్త తూటాలు అమ్మడంతో పాటు పేల్చేసిన ఖాళీ డొల్లలు కొనడం కూడా మా వ్యాపారమే. వాటిని మేం ఎంప్టీలు అనేవాళ్ళం. అట్ట తూటా ఒకసారి పేలిస్తే ఇక పారేయడమే. పాతకాలపు ఇత్తడివి అలా కాదు. వాటి అడుగున నిప్పు రాజేసే కొత్త క్యాపు బిగించి తుపాకి మందు కూరుకుంటే మళ్ళీ పనికొస్తాయి. వేట మానేసిన పాత దివాణాల వాళ్ళు చెక్కపెట్టెల్లో మిగిలిపోయినవాటిని తెచ్చి అమ్మేవాళ్ళు. వాటిని అడిగేవాళ్ళు ఎక్కువగా లైసెన్సు ఉన్న చెరువుల రైతులు. ఆ రోజుల్లో నరసాపురం చుట్టుపక్కల వరిచేలన్నీ రొయ్యల చెరువులవుతున్నాయి. చెరువు ఉన్నచోట కొంగలూ నీటికాకులూ గుంపులుగా వాలతాయి. వాటిని బెదరగొట్టడానికి రోజంతా చప్పుడు కావాలి. కొత్త తూటాలు కంపెనీ నుంచి నెలల తరబడి వచ్చేవి కావు. అందుకని ఇత్తడి డొల్లలకి అంత గిరాకీ.

అమ్మకానికి వచ్చిన ఏ డొల్లనీ భ్రమరాంబ గారు చూడకుండా లోపలికి తీసుకునేది కాదు. చింతపండు నీళ్ళలో నానబెట్టి కడిగి, ఎండబెట్టి, ఒక్కొక్కటీ కిటికీ వెలుగుకి పట్టి లోపలికి చూసేది. ఆపైన రాతిగచ్చు మీద జారవిడిచి చెవి పెట్టేది. మంచిది చిరుగంటలా మోగేది. ఎక్కడో సన్నటి చీలిక ఉన్నది పగిలిన కుండలా బొంగురుగా పలికేది. "పేలిన ప్రతిసారీ ఇది కొంచెం ఉబ్బుతుందమ్మా విజయా, చల్లారాక కొంచెం తగ్గుతుంది. ఉబ్బీ తగ్గీ ఏదో ఒక రోజు ఓపిక అయిపోతుంది. మనుషుల్లాగే పైకి తెలియదు" అని నాకు మొదటి వారంలో చెప్పింది. పనికిరావని తేల్చినవాటిని ఏ రోజువి ఆ రోజే సుత్తితో రేకులా చదునుగా కొట్టేసేది. పాత ఇత్తడి కొనేవాడికి అలాగే వేస్తే ఏమని ఒకసారి అడిగాను. "వాడి దగ్గర నుంచి ఇంకొకడు కొనుక్కుని మందు కూరితే? నా గుమ్మం దాటిందంటే అది తూటా అయి ఉండాలి, లేకపోతే రేకయి ఉండాలి. మధ్యలో ఉండకూడదు" అంది.

మా దగ్గరికి తరచూ వచ్చేవాళ్ళలో సూర్యారావు గారని నరసాపురం అవతలి రైతు ఒకాయన ఉండేవారు. నలభై దాటని మనిషి. నవ్వితే మనిషంతా నవ్వేవారు. రెండు పంటలు బాగా కలిసొచ్చిన ఏడు భార్య లక్ష్మీకాంతం గారిని కూడా వెంటబెట్టుకుని, తాటాకు బుట్టలో ఐసు వేసి రొయ్యలు తెచ్చారు. భ్రమరాంబ గారు నీచు తినదని ఆయనకి తెలియదు. ఆవిడ చెప్పలేదు. "ఎంత బాగున్నాయో!" అని బుట్ట అందుకుని, వాళ్ళు వెళ్ళాక నా చేతికిచ్చింది. ఆ సాయంత్రం మా అత్తయ్య ఇంట్లో విందు.

మరుసటి ఏడు రొయ్యకి తెల్లమచ్చ తెగులు వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఆ కాలంలో ఉన్నవాళ్ళకి దాని గురించి చెప్పనక్కర్లేదు. పొద్దున్న బాగున్న చెరువులో సాయంత్రానికి రొయ్యలు ఒడ్డుకి వచ్చి తేలేవి. ఒక చెరువులో చచ్చిన రొయ్యని కాకి ముక్కున కరుచుకుపోయి పక్క చెరువులో జారవిడిచిందంటే అక్కడా తెగులు అంటుకునేది. పల్లెల నుంచి వచ్చేవాళ్ళ ముఖాలు మారిపోయాయి. కొట్లోకి రాగానే "తూటాలొచ్చాయా అండీ?" అని అడగడం, లేవంటే బయటికి చూస్తూ నిలబడటం. మా దగ్గర కొత్తవి లేవు. మంచి డొల్లలు కూడా అయిపోయాయి. అమ్మడానికి వచ్చే కొద్దిపాటివీ చాలావరకు చీలినవే.

అలాంటి ఒక మధ్యాహ్నం సూర్యారావు గారు వచ్చారు. గడ్డం పెరిగి, చొక్కా నలిగి, గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. మూడు చెరువులు పోయాయట. ఒక్కటి మిగిలిందట. చుట్టూ ఉన్న చెరువుల మీద కాకులు ముసిరి ఉన్నాయట. "ఆ ఒక్క చెరువూ నిలబడితే మా ఇంటిల్లిపాదీ బతికిపోతామండి. ఏదో ఒకటి ఇప్పించండమ్మగారూ" అన్నారు. భ్రమరాంబ గారు లేవని చెప్పింది. అప్పుడాయన కళ్ళు పీట పక్కనున్న గోనెసంచి మీద పడ్డాయి. ఆ ఉదయమే ఏరి పక్కన పెట్టినవి, ఇంకా సుత్తి పడనివి, అందులో ఉన్నాయి.

"మరి అవండీ?"

"అవి పనికిరావు సూర్యారావు గారూ. చీలికలున్నాయి."

"నేను గుళ్ళు వెయ్యనండి. ఒట్టి మందే. చప్పుడైతే చాలు. మీకు దణ్ణం పెడతాను."

ఆ మాటంటూనే ఆయన నిజంగానే చేతులు జోడించి, మెట్ల మీద నిలబడే ఏడవడం మొదలుపెట్టారు. మగవాడు పట్టపగలు వీధి గుమ్మంలో అలా వెక్కివెక్కి ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. భ్రమరాంబ గారు పీట మీంచి లేచింది.  సంచిలోంచి గుప్పెళ్ళతో కొన్ని తీసి, ఒక గుడ్డలో మూటకట్టి, ఆయన చేతిలో పెట్టింది. "తక్కువ మందు వెయ్యండి. మొహం దగ్గర పెట్టుకోకండి. వెళ్ళండి, ఇక వెళ్ళిరండి" అంది గబగబా. ఆయన వెళ్ళాక మిగిలినవాటిని గోడ వైపు తిరిగి కూర్చుని కొట్టింది. ఆ రోజు దెబ్బలు ఒక లయలో పడలేదు.

వారం తిరక్కుండానే కబురు వచ్చింది. తూటా వెనక వైపు చీలి, మంట గొట్టంలోంచి పోకుండా వెనక్కి తన్నింది. సూర్యారావు గారి కుడి కన్ను పోయింది. కాకినాడ ఆసుపత్రిలో ఉన్నారు. ఆ కబురు తెచ్చిన ఆయన బంధువే మరో మాట కూడా చెప్పాడు. "పోలీసులు అడిగితే పాత సామాన్ల వాడి దగ్గర కొన్నానని చెప్పాడండి. మీ పేరు రానివ్వలేదు. మీరేం భయపడకండి." భ్రమరాంబ గారు అతనికి మంచినీళ్ళిచ్చి పంపించింది. చెప్పులు వేసుకుని, "కొట్టు మూసెయ్యమ్మా. నాతో రా" అంది.

పోలీసు స్టేషన్లో ఎస్.ఐ. గారు చిన్నవాడు. ఆవిడ భర్తని ఎరిగినవాడు. ఆవిడ చెప్పిందంతా విని తల పట్టుకున్నాడు. "ఎవరూ మీ పేరు చెప్పలేదు కదండీ. మీ అంతట మీరు రాసిస్తే కొట్టు పోతుంది. మీ వయసులో ఇదంతా ఎందుకండి?"

"ఆయన నా కోసం అబద్ధం చెబుతున్నాడు బాబూ. కన్ను పోగొట్టుకున్న మనిషి చేత అబద్ధం కూడా ఆడించమంటారా?" అంది ఆవిడ.

రాసిచ్చింది. ఎస్.ఐ. గారు చెప్పినట్టే లైసెన్సు ముందు ఆపేశారు, తర్వాత రద్దు చేశారు. సరుకంతా అప్పగించిన రోజున ఆవిడ గచ్చు కడిగింది. నేను కడుగుతానన్నా వినలేదు. నన్ను మాత్రం గాలికి వదిలేయలేదు. తనకు తెలిసిన ఒక ప్రైవేటు కాలేజీలో ఆఫీసు పని ఇప్పించింది. ఇప్పటికీ అదే కాలేజీలో ఉన్నాను.

ఆ తర్వాత ఆవిడ అప్పుడప్పుడూ బస్సెక్కి సూర్యారావు గారి ఊరు వెళ్ళి వస్తోందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. మిగిలిన ఆ చెరువు కూడా నిలవలేదు. ఎండిపోయి, అడుగున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. సూర్యారావు గారు లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. మా గొంతు విన్నా ఇటు తిరగలేదు. లక్ష్మీకాంతం గారు మమ్మల్ని వీధి అరుగు దాకా తీసుకొచ్చింది.

"మీ మీద కోపం లేదమ్మగారూ. ఇచ్చింది మీరే అయినా, అడిగింది మా ఆయనే. కానీ మీరొచ్చినప్పుడల్లా ఆయన రెండేసి రోజులు అన్నం ముట్టరండి. మీ గొంతు వింటే ఆ రోజే కళ్ళ ముందుకొత్తాదంట. ఇంక రాకండి, ఏమనుకోకండి."

భ్రమరాంబ గారు తలూపింది. తెచ్చిన పళ్ళు అరుగు మీద పెట్టబోయి, ఆగి, మళ్ళీ సంచిలోనే పెట్టుకుంది.  మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు. క్షమించమని అడగడానికి కూడా అవతలివాళ్ళ ఇంట్లో చోటుండాలని నాకు ఆ రోజు తెలిసింది.

ఆఖరి రోజుల్లో ఆవిడ చిన్న అద్దె గదిలో ఉండేది. సెలవు రోజుల్లో వెళ్ళి కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం ఉండబట్టలేక అన్నాను. "మీరు జాలిపడి ఇచ్చారు. దానికి ఇంత శిక్ష ఏంటండీ?"

 ఆవిడ మెల్లగా అంది. "జాలి కాదు విజయా. ఇన్నేళ్ళూ నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజు ఆయన మెట్ల మీద నిలబడి ఏడుస్తున్నాడు. లోపలికి పిలిచి కూర్చోబెట్టలేదు నేను. కూర్చోబెట్టి ఉంటే ఏడ్చి ఏడ్చి ఊరుకునేవాడు. అప్పుడు ఇవ్వనని మళ్ళీ చెప్పగలిగేదాన్ని. ఆ ఏడుపు చూడలేక, తొందరగా పంపించేస్తే చాలని చేతిలో పెట్టేశాను. అది ఆయన కోసం చేసింది కాదు. నా కోసం చేసుకున్నాను."

  ఆవిడ నా చెయ్యి తీసుకుని తన చేతిలో ఉంచుకుంది. ఆ వానాకాలం దాటకుండానే పోయింది. సూర్యారావు గారికి ఎవరు చెప్పారో తెలియదు, దినం రోజున లక్ష్మీకాంతం గారు ఒక్కతే వచ్చి, ఫొటో ముందు కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

నా ఉద్యోగంలో కుదరదు, లేదు అని చెప్పాల్సిన రోజులే ఎక్కువ. హాజరు చాలక పరీక్షకి కూర్చోలేని పిల్లల తండ్రులు వస్తారు. సీటు దక్కని వాళ్ళ తల్లులు వస్తారు. ఈ ఒక్కసారికి చూడండమ్మా అంటారు. కౌంటరు దగ్గర నిలబెట్టి నేనెవరికీ లేదని చెప్పను. లోపలికి పిలిచి కుర్చీ వేస్తాను. ఏడిస్తే ఏడవనిస్తాను, చూపు తిప్పుకోను. చేయగలిగిందేదైనా ఉంటే అప్పుడే కనిపిస్తుంది. లేకపోతే లేదనే చెబుతాను. చాలామంది నన్ను తిట్టుకుంటూనే వెళతారు. వాళ్ళు వెళ్ళాక ఎదుటి కుర్చీని వెంటనే గోడకి జరపబుద్ధి కాదు. కాసేపు దానికేసి చూస్తూ కూర్చుంటాను.