పాటలో ఊపిరి తెగే చోటు

పదహారు వేల అడుగుల ఎత్తున మా పోస్టు. జనవరిలో, ఉదయం పదకొండుకు చేరాను. మైనస్ ఇరవై రెండు డిగ్రీలు. గోరంట్ల ఎండకు రాటుదేలిన ఒళ్లు అక్కడ ఎందుకూ కొరగాలేదు. బంకరులో సుబేదారు, ఐదుగురు జవాన్లం, ఒక కిరోసిన్ స్టవ్వు. నూరు గజాల పైన కాపలా గుడారం.

సిగ్నల్ జవానుది మా పక్క ఊరు కొత్తచెరువు. చర్చిలో పాడిన గొంతు. నా యాస వినగానే వాటేసుకున్నాడు.

"ఏమప్పా, మనోడివేనా! ఇంక ఈడ నేను తెలుగు మర్చిపోను."

గుడారంలో ఉన్నవాడు గంటకోసారి రేడియోలో "ఓకే" అనాలి. మా సిగ్నల్ జవాను మాత్రం తన వంతులో అలా అనేవాడు కాదు, పాడేవాడు. భార్య మీద తానే కట్టుకున్న పాట. "నీ కొంగు నీడుంటే ఎండ నన్నేం జేస్తాది" అని ఎత్తుకునేవాడు. మిగతావాళ్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా పాట వినబడితే మనిషి క్షేమమని లెక్క. సుబేదారు కూడా సరేనన్నాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, రెండూ పదికి, పైనుంచి మంచు విరిగి పడింది. గుడారం కనబడలేదు. అప్పుడు అందులో కాపలా వాడిదే. రేడియో పలికింది.

"అన్నా, కాళ్లు కదల్డంల్యా. ఒక చెయ్యే ఆడతాండాది. అంతా చీకటి."

మిగతావాళ్లు పారలు పట్టుకుని పరుగెత్తారు. తెలుగువాణ్ని కనుక నన్ను రేడియో దగ్గర ఉంచాడు సుబేదారు. వాడి మాటల్లో ఆచూకీ దొరుకుతుందేమో, ఫోనులో రికార్డు చెయ్యమన్నాడు. నా బుద్ధి గడ్డి తిన్నది.

"పాడప్పా. ఆపద్దు. నువ్వు పాడతాంటే నాకు ధైర్యం."

ముప్పై ఒక్క నిమిషాలు పాడాడు. చివర్లో "కొంగు" దగ్గర ఊపిరి తెగేది. ఎగపీల్చి మళ్లీ అందుకునేవాడు. "అట్లే, అట్లే" అన్నాను నేను.

మూడూ ఐదుకు తవ్వి తీశారు. ఒంటి మీద గాయమే లేదు, ప్రాణమూ లేదు. కింది క్యాంపు డాక్టరు ఒక్కటే అడిగాడు.

"పాడమన్నది ఎవరు? కదలకుండా నోరు మూసుకుని ఉంటే ఆ గాలి ఇంకాసేపు వచ్చేది."

రికార్డులో మా మాటలు తీసేసి, పాట మాత్రం వాడి బావమరిదికి పంపాను. అది ఏ వేళ పాడిందో చెప్పలేదు, సిగ్గుతో. ఆయనకు పాటలు రికార్డు చేసే స్టూడియో ఉంది. బాగున్న చరణాలు ఏరి, డోలు, కీబోర్డు కలిపి వదిలాడు. నెల తిరగకముందే ఆటోల్లో అదే, పెళ్లి ఊరేగింపుల్లో అదే. ఊపిరి తెగే చోట కుర్రకారు ఈలలు వేసేవాళ్లు. పాటకు అదే ప్రాణమట.

సర్వీసు ముగించి వచ్చిన వారానికి వాళ్లింటికి వెళ్లాను. వాడి భార్య శెనక్కాయలు ఒలుస్తోంది. పక్కన ఫోనులో పాట.

"ఊపిరి ఇట్ల పట్టి ఇడిసేది యాడ నేర్చినాడన్నా? ఇంట్లో ఎప్పుడూ ఇట్ల పాడల్యా. నా మీద ఇంత ప్రేమ ఉండాదని ఇప్పుడు తెలిసె."

"ఆడ గాలి తక్కువమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది. పాటను ఆ ముక్క కాడికి వెనక్కి జరిపింది. వాడు ఎగపీల్చాడు. కళ్లు మూసుకుని, వాడితో పాటే ఆమె కూడా ఎగపీల్చింది.