తలుపు కొట్టిన తర్వాత

కండక్టరమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ ఇంట్లో అందరూ అంటారు. అది నిజం కాదు. అంత దూరం వెళ్ళే ఓపిక ఆ కోపానికి లేదు, నాలుక మీదే కాపురం పెట్టేసింది. సిటీ బస్సులో టికెట్లు కొట్టి బతికిన మనిషి మరి. "ముందుకు జరగండి" అని ఆవిడ అరిస్తే ముందు జాగా లేకపోయినా జనం జరిగేవారు. బస్సు ఆగడమూ కదలడమూ ఆవిడ నోటి మాట మీదే. "హోల్డాన్" అంటే ఆగాలి. "రైట్" అంటే కదలాలి. ఎంత మొండి డ్రైవరైనా ఆ రెండు మాటలకీ ఎదురు చెప్పింది లేదు.

ఒక వానరోజు ఫుట్‌బోర్డు మీద కాలు జారి రోడ్డు మీద పడింది. వెన్నుపూస దెబ్బతింది. నడుం కింద అంతా చచ్చుబడింది కానీ గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. చూడ్డానికి వచ్చిన డ్రైవర్లు మంచం చుట్టూ నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే, "ఇక్కడేం చూస్తున్నారు, బస్సులు ఎవరు తోల్తారు?" అని కసిరి పంపించేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు చెల్లెలింట్లో ఉంది. చెల్లెలు మంచిది, మరిది ఇంకా మంచివాడు. కానీ ఆ ఇల్లు లిఫ్టు లేని మేడ మీద. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే మరిదీ, పక్కింటాయనా కలిసి ఆవిణ్ణి కుర్చీతో సహా మోసుకుంటూ దిగాలి. ఇద్దరు మగవాళ్ళు రొప్పుతూ మోస్తుంటే, ఊరంతటినీ బస్సులో తిప్పిన మనిషి కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చునేది. ఒకరోజు కళ్ళు తెరిచి, "ఇక చాలు, నాకు నేల మీద ఇల్లు చూడండి" అంది.

అలా దొరికింది ఈ ఇల్లు, ఒంట్లో స్వాధీనం తప్పినవాళ్ళ కోసం నడిపేది. కింద అంతస్తులో పొడవాటి వరండా, దాని వెంట గదులు. ఎవరి గది వారిదే, ఎవరి బతుకు వారిదే, చేతి సాయం కావాలంటే పిలవడమే, మనిషి వస్తుంది. మేనేజరమ్మ మొదటిరోజు సరిగ్గా ఆ మాటలే చెప్పింది. ఆవిడ చెడ్డదేం కాదు. శుభ్రం ఎక్కువ, భయం ఇంకా ఎక్కువ. సాయం చేసే అమ్మాయి చలాకీది, చేతి పనిలో తిరుగులేదు, కండక్టరమ్మని నోరారా "పెద్దమ్మా" అని పిలుస్తుంది. ఎదురు గదిలో చేతులు వణికే డ్రాయింగు మాస్టారు ఉంటారు. అన్నీ బాగున్నాయి. మొదట్లో ప్రతి గది తలుపుకీ లోపల గడియ కూడా ఉండేది.

చివరి గది తాతగారికి మూర్ఛ ఉంది. ఆయన ఒకరోజు గడియ వేసుకుని లోపల పడిపోయారు. తలుపు బద్దలు కొట్టేసరికి ఆయన తొంటి ఎముక విరిగి ఉంది. ప్రాణం దక్కింది కానీ ఆయన మళ్ళీ ఆ గదికి రాలేదు. మేనేజరమ్మ వెంటనే వడ్రంగిని పిలిపించి అన్ని గదుల గడియలూ ఊడబీకించింది. మరలు తీసిన చిల్లుల్లో లప్పం పెట్టి, పైన రంగు పూశారు. బదులుగా ఒక నియమం పెట్టారు. ఎవరి గదిలోకి వెళ్ళాలన్నా ముందు తలుపు కొట్టాలి.

కొట్టేవారు, పాపం. కొట్టలేదని ఎవరన్నా అంటే కళ్ళు పోతాయి. కాకపోతే కొట్టిన చెయ్యే తలుపు తోసేది. టక్కుమన్న చప్పుడు చెవిన పడేసరికి తలకాయ గదిలో ఉండేది. చెయ్యాల్సిన పనులు బోలెడు, చేసేది ఒక్కతే, మధ్యలో ఆగడానికి ఆ అమ్మాయికి తీరికెక్కడిది?

కండక్టరమ్మ బట్టలు మార్చుకోవాలంటే అదొక యుద్ధం. మంచం మీద పడుకుని అటోసారి ఇటోసారి దొర్లుతూ పైజామా ఎక్కించుకోవాలి. సాయం వద్దంటుంది, తన యుద్ధం తనే చేసుకుంటానంటుంది. అలా సగం యుద్ధంలో ఉండగా ఒక పొద్దున టక్, తలుపు బార్లా తెరుచుకుంది. అమ్మాయి వెనకాలే, భుజాన నీళ్ళ క్యాను పెట్టుకుని, క్యాన్లు వేసే అతను. అతను మర్యాదస్తుడు, చటుక్కున తల తిప్పుకున్నాడు. కానీ ఎక్కణ్ణుంచి తిప్పుకున్నాడో ఆవిడకి తెలుసు. ఆ రోజంతా ఆవిడ అన్నం ముట్టలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు కూడా. ఆవిడకి ఒంట్లో బాలేదేమోనని మాస్టారు కంగారుపడ్డారు.

"కొట్టాను కదా పెద్దమ్మా!" అంది అమ్మాయి కళ్ళనీళ్ళతో. నిజమే, కొట్టింది.

మర్నాడు కండక్టరమ్మ చక్రాల కుర్చీ తోసుకుంటూ మేనేజరమ్మ గదికి వెళ్ళింది.

"నా గడియ నాకు పెట్టించండి."

"ప్రాణం ముఖ్యమా, గడియ ముఖ్యమా కండక్టరమ్మగారూ?"

"ఒంటి మీద బట్ట లేనప్పుడు గడియే ముఖ్యం. అయినా ఆస్పత్రిలో చూశాను, బయట గాడి ఉంటుంది, అందులో నాణెం పెట్టి తిప్పితే చాలు, గడియ తెరుచుకుంటుంది. అలాంటిది పెట్టించండి. నేను చచ్చేలా ఉంటే తిప్పుకుని రండి."

"చూద్దాం," అంది మేనేజరమ్మ. చాలాకాలం చూసింది. మళ్ళీ మళ్ళీ అడిగేసరికి చివరికి గొంతు తగ్గించి, "మీకిక్కడ అంత ఇబ్బందిగా ఉంటే చెప్పండి, మీ చెల్లెలుగారితో మాట్లాడతాను," అంది. మెత్తగానే అంది. కండక్టరమ్మకి మేడ మెట్లు కళ్ళ ముందు తిరిగాయి.

ఇంతలో పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఇలాంటి ఇళ్ళలో సేవలు ఎలా ఉన్నాయో చూసి, ఉండేవాళ్ళని అడిగి, రాసుకుని వెళ్తారట. ఇంటికి పెళ్ళికళ వచ్చేసింది. కర్టెన్లు మారాయి. వరండాలో కూజా నిండా ప్లాస్టిక్ పువ్వులు వెలిశాయి. మేనేజరమ్మ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, "అడిగిందానికి జవాబు చెప్పండి, చాలు. మన ఇంటి సంగతులు మనం తర్వాత మాట్లాడుకుందాం," అంది. అంటూ చూసింది మాత్రం కండక్టరమ్మ వైపే.

చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, నీకు దండం పెడతాను, ఆ ఒక్కపూట నోరు కట్టేసుకో. ఇలాంటి చోటు మళ్ళీ దొరకదు. ఉన్న నీడ కాస్తా పోగొట్టుకోకు."

"నీడే కదే ఉంది? తలుపు లేదు," అని ఫోన్ పెట్టేసింది. భయం లేక కాదు ఆవిడ మాట్లాడేది. భయపడుతూనే మాట్లాడుతుంది, ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వదు.

తనిఖీ ఆయన పెద్దమనిషి. దళసరి కళ్ళద్దాలు, ఓపికైన గొంతు, చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు. భోజనం ఎలా ఉంది, మందులు టైముకి ఇస్తున్నారా, కసురుకుంటారా అని వరసగా అడిగారు. అన్నిటికీ మంచి జవాబులే వచ్చాయి, అవి నిజాలే.

"మీ గదుల్లోకి వచ్చేముందు తలుపు కొడతారా?"

"కొడతారండీ," అన్నారు మాస్టారు.

"కొట్టకుండా నేనెప్పుడూ వెళ్ళనండీ," అంది అమ్మాయి.

మేనేజరమ్మ మొహం వెలిగిపోయింది. ఆయన టిక్కు పెట్టబోతూ, "మీరేమంటారమ్మా?" అన్నారు కండక్టరమ్మతో.

"కొడతారు," అంది. మేనేజరమ్మ ఊపిరి పీల్చుకుంది. "కొట్టాక ఏం చేస్తారో అడగండి."

ఆయన కాగితం వైపు చూసుకున్నారు. అందులో ఆ ప్రశ్న లేదు.

"నోటితో చెప్తే పితూరీ అంటారు. నా గదికి రండి, కాసేపు కూర్చోండి, మీకే తెలుస్తుంది."

"ఆవిడ కొంచెం..." అని మేనేజరమ్మ ఏదో అనబోయింది. "ఫర్వాలేదండీ, విడిగా మాట్లాడటం కూడా మా పనిలో భాగమే," అని ఆయన లేచారు.

గదిలో కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మొహం తుడుచుకున్నారు. కండక్టరమ్మ ఫిర్యాదు ఊసే ఎత్తలేదు. తన బస్సు కబుర్లు మొదలెట్టింది. చిల్లర కోసం గొడవపడే పెద్దమనుషుల గురించి ఆవిడ చెప్తుంటే ఆయన పకపకా నవ్వుతున్నారు. టక్, తలుపు తెరుచుకుంది. "సార్‌కి టీ, పెద్దమ్మకి టీ!" మళ్ళీ కబుర్లలో పడ్డారు. టక్, మేనేజరమ్మ తల. "ఏమైనా కావాలా సార్?" అక్కర్లేదన్నారు. ఇంకో నిమిషానికి టక్, కప్పుల కోసం అమ్మాయి. ఈసారి తలుపు వచ్చి చక్రాల కుర్చీకి తగిలి, మిగిలిన టీ కండక్టరమ్మ చొక్కా మీద ఒలికింది.

అమ్మాయి నొచ్చుకుంటూ వెళ్ళాక ఆవిడ అంది: "అందరూ కొట్టారు. ఏ ఒక్కరైనా నేను రమ్మనేదాకా ఆగారా? ఇప్పుడు చెప్పండి, ఈ గది నాదా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. నాణెంతో తిరిగే గడియ సంగతి కూడా విన్నారు. "అర్థమైందమ్మా. రాస్తాను. కానీ గడియ సంగతి మాత్రం... భద్రత విషయం కదా, చూద్దాం," అని వెళ్ళిపోయారు.

చూద్దాం. ఆవిడ అంతా చెప్పేసింది, ఉన్న నీడనీ పణం పెట్టింది, చేతికొచ్చింది మళ్ళీ ఆ మాటే. తడిసిన చొక్కా ఒంటికి అంటుకుంటోంది. వెన్ను నిలవదు కాబట్టి ఒక చేత్తో మంచం పట్టె పట్టుకుని, రెండో చేత్తో గుండీలు విప్పుకుంది. ఒక చెయ్యి బయటికి వచ్చింది, రెండో చెయ్యి చొక్కాలో ఇరుక్కుంది. అప్పుడు టక్, తలుపు తెరుచుకుంది.

"కళ్ళద్దాలు మర్చిపో..."

"హోల్డాన్!"

వీధి చివర ఆటోవాడు కూడా బ్రేకు వేసి ఉంటాడు. తనిఖీ ఆయన గుమ్మంలో కొయ్యబారిపోయారు.

"బయటికి నడవండి. తలుపు వేసి, మళ్ళీ కొట్టండి."

తలుపు మూసుకుంది. అరుపుకి మాస్టారు, అమ్మాయి, మేనేజరమ్మ వరండాలోకి వచ్చేశారు. ఆయన అందరి ముందూ, టక్ టక్ అని మెల్లగా కొట్టారు. ఆగారు. ఇంకోసారి కొట్టారు.

"ఎవరు?"

"నేనేనమ్మా, తనిఖీకి వచ్చినవాణ్ణి. నా కళ్ళద్దాలు..."

"ఇప్పుడు కుదరదు. ఆగండి."

మేనేజరమ్మకి తల కొట్టేసినట్టయింది. "అయ్యో సార్, మీరుండండి, నేను తెచ్చిస్తాను," అంటూ తలుపు మీద చెయ్యి వేయబోయింది. ఆయన తన చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దండీ. ఆవిడ ఆగమన్నారు."

ఆ మాట లోపలికి వినిపించింది. కండక్టరమ్మ తడి చొక్కా తీసి పక్కన పడేసింది. పొడి చొక్కా తీసుకుని, దులిపి, నింపాదిగా తొడుక్కుంది. ఒక్కో గుండీ పెట్టుకుంటూ తలుపు వైపు చూసింది. అది కదల్లేదు. గడియ లేని ఆ తలుపుని బయట ఒక మనిషి తన చేత్తో కాపలా కాస్తున్నాడు. ఆవిడకి ఏడుపొచ్చింది. అద్దంలో చూసి మొహం తుడుచుకుంది, జుట్టు దువ్వుకుంది, తొందరపడలేదు. బయట ఆయన చదవలేని కాగితాలు చంకలో పెట్టుకుని నిలబడే ఉన్నారు.

"రైట్! రండి."

ఆయన లోపలికి వచ్చి కళ్ళద్దాలు పెట్టుకున్నారు. పెట్టుకుని ముందు చూసింది తలుపు వెనకవైపు. లప్పం పెట్టిన చిల్లుల మీద బొటనవేలితో తడిమారు.

"ఏం రాయమంటారమ్మా?"

"గడియ సంగతి తర్వాత. అంతమంది చూస్తుండగా మీరు వరండాలో నిలబడ్డారు కదా, అప్పుడు మీకెలా అనిపించిందో అది రాయండి. నేను లోపల ఉండగా నాకెలా ఉంటుందో వాళ్ళకి తెలుస్తుంది."

ఆయన అక్కడే నిలబడి చాలాసేపు రాశారు.

కొన్నాళ్ళకి ఆ పాత వడ్రంగే వచ్చి, లప్పం తవ్వి, బయట గాడి ఉన్న గడియలు బిగించాడు. నాణెం పెట్టి తిప్పి చూసి మేనేజరమ్మ తృప్తిపడింది. ఆ సాయంత్రం ఆవిడే కండక్టరమ్మ గది తలుపు కొట్టింది.

"ఎవరు?"

"నేనండీ, మేనేజర్ని."

"ఆగండి."

లోపల కండక్టరమ్మకి ఏ పనీ లేదు. ఒంటి నిండా బట్టలున్నాయి, జుట్టు దువ్వుకునే ఉంది. కుర్చీలో తలుపుకి ఎదురుగా కూర్చుని, చెయ్యి చాచి గడియ మీద పెట్టి, అలా కాసేపు ఊరికే ఉండిపోయింది. బయట మేనేజరమ్మ ఆగే ఉంది.

"రైట్," అని గడియ తీసింది.