లంగరమ్మ ఓడెక్కింది

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఈ జన్మలో ఓడెక్కదని మా వీధి వీధంతా తీర్మానించేసింది. రేవుకు ఎదురుగానే మా లాడ్జి, ఓడెక్కే గేటుకు మాత్రం ఊరు చుట్టి వెళ్ళాలి. ఓడ మీద షికారు వెళ్ళేవాళ్ళు ముందురోజే ఊళ్ళో దిగి, రాత్రికి మా దగ్గర బస చేసి, మర్నాడు ఓడెక్కుతారు. "ఓడంటే రైలు కాదు నాయనా, తప్పిపోతే పక్క స్టేషన్లో అందుకోడానికి" అని వదిన ఫోనులోనే బెదిరించి అందరినీ ఒకరోజు ముందే రప్పిస్తుంది. అంతమందిని సాగనంపిన మనిషి తాను మాత్రం ఓడ మెట్టు తొక్కిన పాపాన పోలేదు. ఎదురు టీకొట్టాయన అందుకే ఆమెకు లంగరమ్మ అని పేరు పెట్టాడు. "ఓడలు వస్తాయి, పోతాయి. లంగరమ్మ కదలదు. ఆవిడ ఓడెక్కిన రోజున నా మీసం గొరిగించుకుంటా" అని పందెం కూడా కాశాడు. లంగరు ఓడతోపాటే పోతుందన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు మరి.

వదినకు కొన్ని పట్టింపులున్నాయి. తెల్ల దుప్పట్ల మీద టీ మరకలు వదలడం లేదని ఎప్పుడో అన్నిటికీ పసుపుపచ్చ రంగు వేయించింది. చిరిగినవాటిని పారేయదు. పీలికలు చేసి, బస చేసినవాళ్ళ పెట్టెలకు తన చేత్తోనే కడుతుంది. రేవు కూలీలు ఆ పీలిక చూస్తే చాలు, పెట్టె ఎక్కడిదో చెప్పేస్తారు. ఓడ కదిలే వేళకు డాబా ఎక్కి, నిండు దుప్పటి రెండు చేతులా పట్టుకుని ఊపుతుంది. ఎండైనా ఊపుతుంది, వానైనా ఊపుతుంది. "అంత దూరం నుంచి ఎవరికి కనిపిస్తుంది వదినా? ఎవరో బట్టలారేశారు అనుకుంటారు" అని నేను వేళాకోళమాడేదాన్ని. "కనిపిస్తుందో లేదో నాకేం తెలుసే, నేనేమైనా అక్కడ నిలబడి చూశానా?" అనేది. ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వేది కాదు.

లోగడ రెండుసార్లు టికెట్టు తీసుకుని మానుకుంది. ఒకసారి డాబా కారింది. ఇంకోసారి లాడ్జిలో ఒక ముసలాయనకు జ్వరం తగిలింది. ఆయన్ని వదిలి ఎలా వెళ్తానంటూ ఉండిపోయింది. ఆయనేమో లేచి కూర్చుని, తర్వాతి ఓడలో హాయిగా వెళ్ళిపోయాడు. వదిన ఆయనకూ దుప్పటి ఊపింది! ఈసారి ఆమె మోకాళ్ళు చూసిన డాక్టరు, "తిరగాలనుంటే ఇప్పుడే తిరగండమ్మా, తర్వాత మెట్లు కష్టం" అన్నాడు. ఆ రోజే వదిన మాతో చెప్పేసింది, "ఇదీ తప్పిందంటే ఇక నా దగ్గర ఓడ ఊసెత్తకండి" అని.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం కొత్త పెట్టె ఈడ్చుకుంటూ వచ్చి కౌంటరు ముందు నిలబడింది.

"సముద్రం వైపు గది కావాలి."

"అదేంటి వదినా, వంటింటి పక్కన నీ గది ఉండగా?"

"ఓడెక్కేవాళ్ళు లాడ్జిలో బస చెయ్యాలి. రూలంటే రూలే. తాళం ఇవ్వు."

ఇచ్చాను. కాసేపటికే ఫోను. కుళాయి కారుతోందిట. మరో ఫోను, తలగడ అట్టముక్కలా ఉందిట. "ఇన్నాళ్ళూ దీని మీదేనా జనం పడుకుంది? ఈ లాడ్జి నడిపేది ఎవరే?" అని కేకలు. "మీరేనండీ" అన్నాను. ఠక్కున ఫోను పెట్టేసింది.

రాత్రి భోజనాల దగ్గర బస చేసినవాళ్ళకు జాగ్రత్తలు చెప్పడం మా ఆనవాయితీ. ఎప్పుడూ వదిన చెప్పేది. ఆ రోజు ఆవిడ ప్రయాణికురాలాయె, చెప్పే పని నా మీద పడింది. "పెద్ద పెట్టె ఓడది, చేతిసంచి మీది. పాస్‌పోర్టు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలు పొద్దున్నే వ్యానులో రేవుకు వెళ్ళిపోతాయి, మళ్ళీ ఓడలో మీ గదిలోనే మీకు కనిపిస్తాయి" అని మొదలుపెట్టానో లేదో, వదిన మాటమాటకీ అడ్డం. గట్టిగా చెప్పమంటుంది, నిలబడి చెప్పమంటుంది. చివరికి తానే లేచి, "ఏదీ, అందరూ చేతిసంచిలోంచి పాస్‌పోర్టు తీసి పైకెత్తండి" అంటూ బల్లబల్లకీ తిరిగి తనిఖీ చేసింది. అందరివీ చూసింది. ఆవిడది చూసేదెవరు?

పొద్దున్న మా ఆయన పెట్టెలన్నీ వ్యానులోకెక్కించి రేవుకు తీసుకెళ్ళాడు. బయల్దేరే వేళకు వదిన కొత్త చెప్పులేసుకుని దిగింది. చేతిసంచి తెరిచింది. మందులు, కళ్ళజోడు, బిస్కెట్ల పొట్లం. ఇంకోసారి వెతికింది. సంచి మొత్తం కౌంటరు మీద బోర్లించింది. పాస్‌పోర్టు లేదు.

"ఒసే, శాలువా మడతలో పెట్టానే. భద్రంగా ఉంటుందనీ..."

"శాలువా ఎక్కడుంది?"

"పెద్ద పెట్టెలో."

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది! ఓడలోకెళ్ళిన పెట్టె మళ్ళీ ఓడలో గదిలోనే చేతికొస్తుంది. పాస్‌పోర్టు లేనిదే మనిషిని ఎక్కనివ్వరు. ఈ రెండు ముక్కలూ మాకు నేర్పింది ఆవిడే. వదిన మెట్ల మీద చతికిలబడింది.

"నా రాత ఇంతేనే. దుప్పటి పట్రా, డాబా మీదికి పోదాం."

నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. కాపురానికొచ్చింది మొదలు ఆవిడ ముందు గొంతెత్తి ఎరుగను. "లే వదినా! ముందు నువ్వు లే! దుప్పటీ లేదు, గిప్పటీ లేదు!" అని అరిచాను. ఆ అరుపుకి టీకొట్టాయన గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. సంగతి విన్నాడు. మీసం మీద చెయ్యేసుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. పందెం తానే గెలిచేలా ఉంది మరి. "మీసందేముంది, మళ్ళీ మొలుస్తుంది. ఎక్కమ్మా" అని పాలక్యాన్లు మోసే తన మూడు చక్రాల బండి తీశాడు. క్యాన్ల మధ్య వదినా నేనూ ఇరుక్కుని కూర్చున్నాం. మలుపు తిరిగినప్పుడల్లా ఖాళీ క్యాన్లు ఢమఢమా మోగుతుంటే, ఊరంతా మమ్మల్నే చూసింది.

రేవు షెడ్డులో కొండలా ఉన్న పెట్టెలు అప్పటికే సగానికి పైగా ఓడలోకెళ్ళిపోయాయి. కూలీల మేస్త్రీ వదినను చూడగానే నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"వచ్చారా? ఈసారి ఎవరిదమ్మా?"

వదిన నేల చూపులు చూసింది. "నాదే" అంది.

షెడ్డంతా ఒకటే నవ్వు. ఒకతను నవ్వలేక పెట్టె మీద కూలబడ్డాడు. మేస్త్రీ కళ్ళు తుడుచుకుని, వేలితో మూలకు చూపించాడు. మా పసుపు పీలికల పెట్టెలన్నీ అక్కడే వరసగా ఉన్నాయి. ఒక్కటి కూడా కదల్లేదు.

"మీ లాడ్జివి ఎప్పుడూ ఆఖర్నే ఎక్కిస్తామమ్మా. మీవాళ్ళలో ఎవరో ఒకరు పాస్‌పోర్టు అందులో పడెయ్యడం, మీరొచ్చి మా ప్రాణాలు తోడెయ్యడం మాకు మామూలేగా. మీ నోటికి భయపడి పక్కన పెట్టడం అలవాటైపోయింది."

ఎవరెవరి కోసమో అరిచిన అరుపులు ఇవాళ ఆవిడకే అక్కరకొచ్చాయి. వదిన తన పెట్టె తెరిచి, శాలువా విప్పి, పాస్‌పోర్టు తీసి పైకెత్తింది. ముందురోజు అందరిచేతా ఎత్తించినట్టే ఎత్తింది. కూలీలు చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "పోవే, పోయి డాబా ఎక్కు. ఇవాళ ఊపాల్సింది నువ్వు" అని నన్ను తరిమేసి, మోకాలు పట్టుకుంటూ ఓడ మెట్లెక్కింది. ఒక్కసారి కూడా ఆగలేదు.

నేను డాబా ఎక్కేసరికి ఓడ కూత వేసింది. దుప్పటి ఊపడమంటే మాటలు కాదని అప్పుడు తెలిసింది. గాలికి నన్నే లాక్కుపోయేలా ఉంది. ఇంతలో ఎవరో రెండో కొస పట్టుకున్నారు. తిరిగి చూస్తే ఎవరో గుర్తుపట్టలేదు. టీకొట్టాయన, మీసం లేకుండా! పెదవి మీద చిన్న గాటు కూడా పడింది. ఇద్దరం కలిసి ఊపుతుంటే నా ఫోను మోగింది. దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

"ఒసే మరదలా, కనిపిస్తోందే!" వదిన కేకేసింది. "పసుపుపచ్చగా ఇంత బాగా కనిపిస్తోందే! ఇక్కడ అందరూ చెయ్యి ఊపుతున్నారే! ఇన్నేళ్ళూ అందరికీ కనిపించానే నేను!"

ఓడ మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఊపుతూనే ఉన్నాం. చేతులు లాగేస్తున్నాయని టీకొట్టాయన అన్నాడు కానీ, ఆయనా దుప్పటి వదల్లేదు.