బల్లి రాయి

నా కొడుకు గని డ్యూటీకి బయలుదేరేటప్పుడు గోడ మీద బల్లి పలికితే, వాణ్ని కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించి పంపేదాన్ని. మిగిలిన నీళ్లు వాడు తిరిగొచ్చేదాకా పారబోయనిచ్చేదాన్ని కాదు. వాడు నవ్వి, ప్రాణహిత ఒడ్డున చుట్టాల చేనులో దొరికిన రాయి చూపేవాడు. అందులో వేలిగోరంత దవడ ఎముక ఉండేది.

"అవ్వా, నీ బల్లి ముత్తాత గిదే."

తెలంగాణ రాకముందే వాడు గనిలో పోయాడు. కాలేజీలో రాళ్ల చదువు చదివే పక్కింటి పిల్ల ఒకరోజు ఆ రాయి చూసింది.

"ముత్తాత కాదు పెద్దవ్వా, దాయాది. డైనోసార్ల కాలంది. బల్లులు మిగిలినయి, దీని వంశం మన దిక్కు ఆగిపోయింది."

"పిల్లలే మిగల్లేదా?"

"లేదు."

నా కొడుక్కూ పిల్లలు లేరు. రాయిని తుడిచి వాడి ఫొటో పక్కన పెట్టాను. పిల్ల గుమ్మం దాటబోతుంటే బల్లి పలికింది.

"ఆగు బిడ్డా, మంచినీళ్లు తాగి పో," అన్నాను, గుమ్మం వైపు తిరిగి.