బెల్లం మరిగిన పెప్పర్

నాగమల్లేశ్వరి అమెరికాలోని ప్లేనోలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఆఫీస్ అవగానే మిగతావాళ్లు ఇంటి దారి పడితే, ఆవిడ మాత్రం ఊరి బయట గుర్రాలశాలకి డ్రైవ్ చేసుకుపోతుంది. పాతకాలపు యుద్ధాలను మైదానంలో మళ్లీ ఆడి చూపించే బృందం ఒకటుందక్కడ. దాని గుర్రాలకు ఫిరంగి మోతంటే భయం పోగొట్టడం ఈవిడ పని. యాభై రెండేళ్ల వయసులో ఇదేం పిచ్చని స్నేహితురాళ్లు దెప్పితే, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది.

పెప్పర్ అనే ఆడగుర్రం మాత్రం ఆవిడకు చుక్కలు చూపించింది. కారు డోర్ గట్టిగా వేసినా కంచె దూకబోయేది. "మూడు నెలలు టైమిస్తున్నాను. ఫిరంగి పరీక్షలో నిలబడకపోతే వేలానికి పంపేస్తా," అని బృందం కెప్టెన్ వాల్టర్ తేల్చి చెప్పేశాడు. వేలానికెళ్లిన బెదురు గుర్రాలు చివరికి కబేళాకే చేరతాయని తెలిసిన ఆవిడకు ఆ వారమంతా అన్నం సహించలేదు.

గుడివాడలో తాతగారు జట్కా గుర్రానికి బెల్లం పెట్టడం చిన్నప్పుడు చూసింది. అదే పట్టుకుంది. దూరంగా టపాకాయ పేలడం ఆలస్యం, పెప్పర్ నోట్లో బెల్లం ముక్క. రోజుకో పదడుగులు దగ్గరగా. మూడో నెలకు చెవి పక్కన పేలినా బెదరడం మానేసింది. నాగమల్లేశ్వరి పొంగిపోయింది.

పరీక్ష రోజు ఏడు గుర్రాలు వరుసగా నిలబడ్డాయి. పెప్పర్ మీద స్నేహితురాలి కూతురు భవిత. మైదానం చుట్టూ కట్టిన తాడుకి ఇవతల నాగమల్లేశ్వరి. ఫిరంగి పేలింది. పెప్పర్ ఉలిక్కిపడలేదు. చెవులు నిక్కించి, భవిత ఎంత కళ్లెం లాగినా వినకుండా, వరుస వదిలి తాపీగా నడుచుకుంటూ వచ్చి ఆవిడ అరచేతిలో మూతి పెట్టింది.

అందరూ నవ్వారు, వాల్టర్ తప్ప. "వరుస వదిలే గుర్రం నాకొద్దు," అన్నాడు.

ఆవిడకు అప్పుడర్థమైంది. భయమైతే పోగొట్టింది గానీ, మోత వినగానే తన దగ్గరికి రావడం కూడా తనే నేర్పింది.

"ఆంటీ, అది మీ కోసం వస్తుంది. మీరు ఇక్కడ ఉంటే ఆగదు," అంది భవిత.

"ఇంకొక్క ఛాన్స్ ఇవ్వండి," అని నాగమల్లేశ్వరి వాల్టర్‌ని బతిమాలింది. ఆయన గడియారం చూసుకుని, రెండు మోతలకు కదలకుండా నిలబడాలన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. వెనక పెప్పర్ సకిలించింది. కాళ్లు ఆగబోయాయి, ఆవిడ ఆగనివ్వలేదు. పార్కింగ్ చివర కార్‌లో కూర్చుని అద్దాలెక్కించుకుంది.

మొదటి మోతకు అద్దాలు వణికాయి. గులకరాళ్ల మీద డెక్కల చప్పుడు వస్తుందేమోనని ఊపిరి బిగబట్టింది. రాలేదు. రెండో మోత. గుప్పిట్లో బెల్లం చెమటకు కరిగి జిగటగా అయింది. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. ఆఖరికి ఫోన్ మోగింది.

"ఆంటీ, అస్సలు కదల్లేదు! నవంబర్ షోకి తీసుకుంటున్నారు. కానీ..." భవిత గొంతు తగ్గింది. "షో అప్పుడు మీరు..."

"తెలుసమ్మా. నేను రానులే."

ఫోన్ పెట్టేసి ఏడ్చింది. తరవాత గుప్పిట్లో మిగిలిన బెల్లం తనే నోట్లో వేసుకుంది.