పదేళ్ళు దాచిన తీపి మందు

నా తెలివి ఒక కొత్త పడవను సముద్రం దాకా పోనీయకుండా ఒడ్డునే ఆపేసేంత పని చేసిన రోజు సంగతి చెబుతాను. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత నాకు కోపం వస్తుంది.

మొన్న విడవలూరు మందుషాపులో, మళ్ళీ వస్తోందేమోనని, ఒక పాత తీపి మందు అడిగాను. కాఫీ రంగులో, మీగడ కలిపి చిక్కగా ఉండేది. షాపతను "అది కంపెనీవాళ్ళు ఎప్పుడో ఆపేసినారు పెద్దాయనా" అంటూ నాకో బీరు చూపించాడు. కషాయం తాగడానికి షాపు దాకా రావాలా? లోకంలో చేదుగా ఉన్నవాటిని మాత్రం ఒక్కదాన్నీ ఆపరు.

ఓడలో వంటపని చేసే స్నేహితుడొకడు ఒకప్పుడు ఆ మందు రెండు సీసాలు తెచ్చిచ్చాడు. మొదటిది నేనూ, మా అక్క మొగుడు పోలయ్య బావా ఇసుకలో కూర్చుని ఖాళీ చేశాం. బావ గ్లాసు అడుగున వేలు పెట్టి నాకి, "రెండోది గూడా తియ్ మే" అన్నాడు.

నేను బడికి పోయింది మూడేళ్ళే. మిగతా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల మీద చదివాను. మందు పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందని అలాంటి ఒక కాగితంలోనే ఉంది. "ఆగు బావా, నువ్వు సొంత పడవ దించే రోజు తాగుదాం" అన్నాను. అప్పటికి ఆయన పరాయి పడవల్లో వల లాగుతున్నాడు. సొంత పడవ అనేసరికి ముఖం ఎంత వెలిగిందంటే, సీసా సంగతే మరిచిపోయాడు.

దాన్ని బియ్యం డ్రమ్ము అడుగున పాతిపెట్టాను. బావకు పడవ కుదరడానికి పదేళ్ళు పట్టింది. ఈలోగా ఆ మందు రావడం ఆగిపోయింది. చివరి సీసా నా దగ్గరే ఉందని ఊరంతా చెప్పుకున్నాను. చేపను ఐసు లేకుండా గంటసేపు ఎండలో ఉంచనివాణ్ణి, పదేళ్ళుగా మీగడను పాతిపెట్టానని ఒక్కరోజైనా తట్టలేదంటే ఏమనాలి?

పడవ దించే రోజు ఒడ్డంతా జనం. మొదటి చుక్క పడవ ముక్కు మీద గంగమ్మకు పోయాలి, ఆ తర్వాతే మనిషికి. సీసా వంచాను, రాలేదు. కుదిపాను. ముందు కాసిన్ని నీళ్ళు కారాయి. తర్వాత పుల్లటి గడ్డ ఒకటి జారి, పసుపు కుంకుమల మీద తప్పుమని పడింది. అపశకునమని ఒక ముసలామె గొణిగింది. పడవను నెట్టడానికి చేతులు వేసినవాళ్ళు వెనక్కి తీసేశారు. అందరూ బావ వంకే చూస్తున్నారు. ఆయన పదేళ్ళ ఆశను ఒక్క వంపుతో ముంచేశానని సీసాను వీపు వెనక దాచుకున్నాను.

బావ ఒంగి ఆ గడ్డను వాసన చూశాడు.

"దించిన ప్రతి పడవకీ సారాయే పోసి పోసి అమ్మ కడుపు మండిపోయుంటది. పెరుగు పెట్టి మంచి పని చేసినావు మే" అన్నాడు.

ముందు నవ్వింది ఆ ముసలామే. ఆ నవ్వుల్లోనే పడవ నీళ్ళలోకి దిగింది. ఊళ్ళో దాన్ని ఇప్పటికీ పెరుగు పడవ అంటారు.

ఆ మందులో యాలకుల వాసన ఉండేదని ఈనాటికీ బావ వాదన. కాదు, కాఫీ వాసనేనని నేను. తేల్చుకోవడానికి ఎక్కడా చుక్క లేదు. "ఆ పొద్దే తీసుంటే తెలిసుండేది గదా" అంటాడు. నేను చదివిన ఆ కాగితంలో మీగడ సంగతి రాయలేదు మరి.

అందుచేత గంగమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: తీపి వస్తువును దేన్నీ ఇకమీదట రేపటికి దాచను. మా కోడలు నిన్న బావకు ఇచ్చి రమ్మన్న పాలకోవా దారిలోనే అయిపోవడానికి కారణం ఈ ప్రమాణమేనని ఆయన గ్రహించాలి.