సిక్ లైన్లోకి వచ్చిన పేపరు

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యేక కూడా నిమ్‌పురా యార్డు వైపు వెళ్ళినప్పుడు గూడ్సు బండి కనబడిందంటే ఆయన కాళ్ళు కదిలేవి కావు. మరమ్మత్తు చేసిన ప్రతి వ్యాగను పక్కనా షాపు గుర్తు, చేసిన నెల, మళ్ళీ షాపుకి రావాల్సిన నెల పెయింటుతో రాస్తారు. అది చదివి, ఇది మాదే అని మురిసిపోయేవాడు. చిన్నప్పుడు నన్ను సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని అంకెలు నేర్పింది ఆ వ్యాగన్ల మీదే. ఎండకి నేను ఏడుపుమొహం పెడితే, ఇంకొక్క బండి అని బతిమాలేవాడు. నా మార్కుల కాగితం చూసి ఏనాడూ అంత మురవలేదు. ఆ కుళ్ళు నాకు ఇప్పటికీ ఉంది.

అలాంటి మనిషికి సైటేషనంటే ఏటో చెప్పడం ఎంతసేపు? నేను నక్షత్రాల వెలుగు మీద పరిశోధన చేస్తాను. టెలిస్కోపు పట్టుకుని ఆకాశంలోకి చూస్తుంటాననుకుంటారు గానీ, పట్టపగలు కంప్యూటరు ముందు ఆ వెలుగు హెచ్చుతగ్గుల గీతలు చూసుకోవడమే నా బతుకు. నా పేపరుని ఇంకొకరు తమ పేపర్లో ప్రస్తావిస్తే అదొక సైటేషను. ఎన్నుంటే అంత గొప్ప. ప్రమోషను ఫారంలో ముందు అడిగేది అదే. నాన్నకి ఇట్టే అర్థమైపోయింది. మన షాపు గుర్తు ఊరూరా తిరుగుతోందన్నమాట అన్నాడు.

ఇక చూడాలి ఆయన హడావిడి. అదే ఊళ్ళో నేను ఇందా పేటలో ఉండేదాన్ని, ఆయన ఖరిదా పేటలో. ఆదివారం గుమ్మంలో అడుగుపెట్టగానే, ఎంతకొచ్చిందని అడిగేవాడు. ఆ అంకె పట్టుకుని టీ కొట్టుకి పోయి పాత షాపు జట్టుకి చెప్పి వచ్చేవాడు. ఆ అంకెలో సగానికి పైగా ఒక్క పేపరుదే. ఒక నక్షత్రం వెలుగు లెక్కగా తగ్గుతూ పెరుగుతూ ఉంటే, దాని ముందు నుంచి ఒక గ్రహం అడ్డంగా పోతోందని రాసినాను. టీ కొట్టు దాదా కూడా నన్ను గ్రహం దీదీ అని పిలిచేవాడు. సిగ్గేసినా బాగానే ఉండేది.

ఒక్క సంగతి మాత్రం నాన్నకి చెప్పలేదు. అక్కడ గ్రహం లేదు. ఆ నక్షత్రం మీదే ఓ నల్లమచ్చ ఉంది, అది తిరిగి తిరిగి మనవైపు వచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతోంది. వేరేవాళ్ళు కనిపెట్టినారు. నా పేపరుని ప్రస్తావించిన వాళ్ళలో చాలామంది అది తప్పని చెప్పడానికే ప్రస్తావించినారు. తిట్టినా పొగిడినా లెక్కలో ఒకటి పెరుగుతుంది కదా, నేనూ నోరు మూసుకుని ఊరుకున్నాను.

ప్రమోషను ఫారం నాన్న ఇంట్లోనే కూర్చుని నింపుతున్నాను. ఆ పేపరుని మొదట పెట్టినాను. ఇంతమంది రాసినారు కదా, ఒకరు ఏటి రాసినారో సదువు, ఇందాం అన్నాడు నాన్న. అక్కడ గ్రహం లేదని రాసినారని తడుముకుంటూ తెలుగులో చెప్పినాను. ఇంకొకటి అన్నాడు. అదీ అంతే. మూడోది అడగలేదు.

గడువుకి ముందే పాడైన బండిని సిక్ లైనని వేరే పట్టాల మీద పెడతారు. దాన్ని ఇంకెవరూ ముట్టకూడదని నాన్న జట్టులో పద్ధతి. చేసినవాడే వచ్చి, అందరూ చూస్తుండగా ఇప్పి, ఎక్కడ తప్పిందో చూపించాలి.

"సిక్కయి వచ్చిన బండిని మేం లెక్కలో ఏసుకోమమ్మా," అన్నాడు. "నీ బండి నువ్వే ఇప్పుకోవాల."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేం వ్యాగను కాదు, నీకేం తెలుసని గయ్యిమని, అన్నం తినకుండా వచ్చేసినాను. కానీ ఆ మాట వదిలితేనా! ఫారంలో ఆ పేపరు కొట్టేసినాను. పాత గీతలన్నీ మళ్ళీ తీసి, నేనెక్కడ తప్పినానో, మచ్చనీ గ్రహాన్నీ ఎలా వేరుచేసి చూడాలో ఇంకో పేపరు రాసినాను. ప్రమోషను రాలేదు.

అంతకన్నా నొప్పి ఇంకోటి ఉంది. నాన్న ఆ సాయంత్రమే టీ కొట్టుకి పోయి, మా అమ్మాయి రాసింది తప్పంట అని తనే చెప్పేసినాడంట. జట్టులో ఒకడు, గ్రహం పడిపోయిందిరా అని నవ్వినాడంట. అప్పట్నించి నాన్న ఆ కొట్టుకి పోవడం మానేసినాడు. బయట టీ పడట్లేదని ఇంట్లోనే కాచుకునేవాడు. పచ్చి అబద్ధం. ముప్పయ్యేళ్ళు కూర్చున్న బల్ల ఆయనకి నా మూలాన పోయింది. ఇంట్లో ఆయన టీ గ్లాసు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఆదివారం అడగడం మాత్రం మానలేదు. కొత్తదాని గురించి ఎవరైనా రాసినారా అని. లేదనేదాన్ని. ఏడాది దాటిపోయింది.

ఒక వానాకాలం ఆదివారం ఫోను తీసి చూస్తే, ఒకటి. ఎక్కడో చదువుకుంటున్న ముక్కూమొహం తెలియని పిల్ల, నా పద్ధతి పట్టుకునే మచ్చని వేరుచేసినానని, అది సరిగ్గా పనిచేసిందని రాసింది. చదివి వినిపించినాను.

"ఇంకోసారి సదువు," అన్నాడు.

మూడుసార్లు చదివించుకున్నాడు. లేచి, కొక్కేనికున్న చొక్కా తీసి తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. ఎక్కడికని అడిగితే, టీ తాగొస్తానన్నాడు.

గొడుగు మర్చిపోయినాడు. అది పట్టుకుని నేను పరుగున వెళ్ళేసరికి, తడిసిన చొక్కాతో తన పాత బల్ల మీద కూర్చుని, వేలు ఒకటి పైకెత్తి, ఒక్కటి వచ్చిందని చెప్తున్నాడు.